‘యుద్ధం తర్వాత’ అన్న మాటను ఇంగ్లీషులో తప్పు లేకుండా రాయడం ఎలా?

బరంపురంలో చాలా ఏళ్ళుగా తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. చరిత్ర పేపరు జవాబులు దిద్దేటప్పుడు నన్ను అన్నిటికంటే విసిగించేది స్పెల్లింగు కాదు. యుద్ధం ముగిశాక ఫలానా సంఘటన ఎప్పుడు జరిగిందో చెప్పవలసి వచ్చినచోట వారు రాసే నాలుగు మాటలు. తేదీ తెలిసిన పిల్లలే ఆ నాలుగు మాటల్లో తేదీని తారుమారు చేస్తారు. గైడు పుస్తకాలలో అచ్చయిన మాటల పట్టికను బట్టీ పట్టడం వల్ల ఈ తప్పు పోదని, పైగా ముదురుతుందని నా అనుభవం. నేను చెప్పే పద్ధతికి పది నిమిషాలు చాలు.

కావలసినవి ఒక అరఠావు కాగితం, ఒక పెన్సిలు, యుద్ధం ముగిసిన తేదీ. పెన్నుతో గీయవద్దు.

మొదట ఆ తేదీని తేల్చుకోవాలి. రెండవ ప్రపంచ యుద్ధం ఐరోపాలో 1945 మే 8న ముగిసింది. జపాను లొంగిపోతున్నట్టు ఆగస్టు 15న ప్రకటించి, సెప్టెంబరు 2న సంతకం చేసింది. బ్రిటన్‌లో అట్లీ ప్రభుత్వాన్ని గెలిపించిన ఎన్నికల ఫలితాలు జూలై 26న వచ్చాయి కనుక, వాటి గురించి ఊరికే ‘ఆఫ్టర్ ద వార్’ అని రాస్తే సగమే నిజమవుతుంది; ‘ఆఫ్టర్ ద వార్ ఇన్ యూరప్’ అనాలి. ఐక్యరాజ్య సమితి సంగతీ ఇటువంటిదే. దాని చార్టరు మీద సంతకాలు జూన్ 26న, అంటే యుద్ధం ఇంకా జరుగుతుండగానే అయ్యాయి. అది అమలులోకి వచ్చినది మాత్రం అక్టోబరు 24న. ఏ సంగతి చెబుతున్నారో చూసుకొని మాట ఎంచుకోవాలి.

తర్వాత కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, యుద్ధం ముగిసినచోట ఒక నిలువు గుర్తు, సంఘటన జరిగినచోట ఒక చుక్క పెట్టాలి. ఇందులో చెప్పవలసినది ఇంకేమీ లేదు.

ఇక అసలు మెట్టుకు వద్దాం. ఇక్కడ తొందరపడవద్దు. తెలుగులో మనం ‘యుద్ధం ముగిసిన రెండేళ్ళకు’ అంటాము. ముందు యుద్ధం వస్తుంది, తర్వాత లెక్క వస్తుంది, సంబంధాన్ని చెప్పే ప్రత్యయం చిట్టచివర అతుక్కుంటుంది. ‘తర్వాత’ అన్న మాట ఎప్పుడూ తనకు ముందున్న మాటనే పట్టుకుంటుంది. బడిలో మన పిల్లలు వినే ఒడియాలో ‘పరే’ కూడా అంతే కనుక, ఇంట్లోనూ బడిలోనూ వారి చెవికి ఒకటే వరుస అలవాటవుతుంది. ఇంగ్లీషు ‘ఆఫ్టర్’ దీనికి తిరగబడిన మాట. అది తన తర్వాత వచ్చే మాటను పట్టుకుంటుంది. పిల్లవాడు ‘రెండేళ్ళ తర్వాత’ అని మనసులో అనుకొని ముందుగా ‘ఆఫ్టర్ టూ ఇయర్స్’ అని రాసేసి, మిగిలిపోయిన యుద్ధాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ‘ఆఫ్’ అన్న మాటతో తోక తగిలిస్తాడు. ‘ఆఫ్టర్ టూ ఇయర్స్ ఆఫ్ వార్’ అంటే యుద్ధం రెండేళ్ళు సాగిన తర్వాత అని అర్థం. ఆ యుద్ధం ముగిసిందో లేదో కూడా ఆ మాట చెప్పదు. ఇండియాకు స్వాతంత్ర్యం అలా వచ్చిందని రాస్తే, రెండేళ్ళే పోరాడి 1941 నాటికి స్వాతంత్ర్యం తెచ్చుకున్నట్టు అవుతుంది.

ఈ తప్పు ఎంత దూరం పోతుందో మా జిల్లాకు సంబంధించిన ఉదాహరణే చూపిస్తుంది. గంజాం జిల్లాలో ఋషికుల్యా నది దగ్గర జౌగడలో అశోకుడి శిలాశాసనాలు ఉన్నాయి. కళింగ యుద్ధాన్ని వర్ణించే పదమూడవ శాసనాన్ని మాత్రం ఇక్కడ చెక్కించలేదు. తాను జయించిన నేల మీదే ఆ మాటలు వద్దనుకున్నాడు కాబోలు. వేరేచోట్ల దొరికిన ఆ శాసనం, పట్టాభిషేకం జరిగిన ఎనిమిదేళ్ళకు రాజు కళింగాన్ని జయించాడని చెబుతుంది. దీన్ని ఇంగ్లీషులోకి మార్చమంటే తరగతిలో సగంమంది ‘ఆఫ్టర్ ఎయిట్ ఇయర్స్ ఆఫ్ కోరొనేషన్’ అని రాస్తారు. అంటే పట్టాభిషేకమే ఎనిమిదేళ్ళు జరిగిందన్నమాట. అన్నేళ్ళు నెత్తిన నీళ్ళు పోస్తూ కూర్చుంటే కళింగానికి ఎవరు వెళ్ళారని అడిగితే పిల్లలు నవ్వుతారు కానీ, మరుసటి వారం మళ్ళీ అదే రాస్తారు.

కనుక వరుసను ఇలా పెట్టుకోవాలి: ముందు దూరం, తర్వాత ‘ఆఫ్టర్’, ఆ తర్వాత యుద్ధం. ‘టూ ఇయర్స్ ఆఫ్టర్ ద వార్’, ‘ఎయిట్ ఇయర్స్ ఆఫ్టర్ హిజ్ కోరొనేషన్’. నమ్మకం కుదరకపోతే కాలాన్ని మరచి దారిని తలచుకోండి. గోపాలపూర్ బరంపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉందనడానికి ఏ పిల్లవాడూ తడబడడు. ‘ఫిఫ్టీన్ కిలోమీటర్స్ ఫ్రమ్ బరంపూర్’ అని సంఖ్యను ముందుపెట్టి సరిగానే రాస్తాడు. కాలానికీ అదే వరుస. యుద్ధం పేరు ముందు వాక్యంలోనే వచ్చేసి ఉంటే ‘టూ ఇయర్స్ లేటర్’ అని ఆపాలి. ‘లేటర్’ పక్కన మళ్ళీ యుద్ధాన్ని తెచ్చి పెట్టకూడదు.

ఇదే మెట్టులో రెండవ గుంట మన ప్రత్యయాలది. గీతను చూస్తూ, తెలుగులో అయితే ఏ ప్రత్యయం వాడేవారో ముందు అనుకోండి. ‘రెండేళ్ళకు’ అంటే ఒక చుక్క. దానికి పైన చెప్పిన ‘టూ ఇయర్స్ ఆఫ్టర్’ సరిపోతుంది. ‘రెండేళ్ళలోపు’ అంటే హద్దు. దానికి ‘విదిన్ టూ ఇయర్స్ ఆఫ్ ది ఎండ్ ఆఫ్ ద వార్’ అనాలి. ఇక్కడ ‘ఆఫ్’ రావడం సరైనదే, ఎందుకంటే ఎదురుగా ‘ఆఫ్టర్’ లేదు. స్వాతంత్ర్యం వచ్చిన తేదీతో ఈ రెండింటినీ సరిచూసుకోవచ్చు. జపాను ప్రకటన వెలువడిన ఆగస్టు 15 నుంచి లెక్కపెడితే సరిగ్గా రెండేళ్ళు. సంతకం పెట్టిన సెప్టెంబరు 2 నుంచి లెక్కపెడితే రెండేళ్ళకు 18 రోజులు తక్కువ. మొదటి లెక్కకు ‘ఆఫ్టర్’, రెండవ లెక్కకు ‘విదిన్’ అతికినట్టు సరిపోతాయి.

‘తొమ్మిదేళ్ళపాటు’ అంటే గీత మీద చుక్క కాదు, పొడవు. బ్రిటన్‌లో రేషను 1954 జూలైలో పూర్తిగా ఎత్తివేశారు. ఎత్తివేయడాన్ని చెబితే ‘ఆల్మోస్ట్ నైన్ ఇయర్స్ ఆఫ్టర్ ద వార్’, కొనసాగడాన్ని చెబితే దానికి ముందు ‘ఫర్’ చేర్చాలి. ఒక్క చిన్న మాట తేడాతో ముగింపు కాస్తా కొనసాగింపు అవుతుంది.

‘యుద్ధం నుంచి’ అన్నది అన్నిటికంటే మోసకారి. ‘ఫ్రమ్ ద వార్’ అని రాస్తే యుద్ధరంగం నుంచి ఇంటికి వచ్చిన సైనికుడు గుర్తుకు వస్తాడు. ఇక్కడ ‘సిన్స్ ద వార్’ కావాలి. అది వచ్చినప్పుడు గీత యుద్ధం ముగింపు దగ్గర మొదలై నేటిదాకా రావాలి. క్రియకు ‘హాజ్’ లేదా ‘హావ్’ తోడుండాలి. జపాను అప్పటి నుంచి ఏ దేశం మీదా యుద్ధానికి వెళ్ళలేదని చెప్పడానికి అది తగిన మాట. 1947లో జరిగి ముగిసిపోయిన స్వాతంత్ర్య ప్రకటనకు తగదు.

మిగిలినవి సులువు. ‘యుద్ధం ముగిసేనాటికి’ అనడానికి ‘బై ది ఎండ్ ఆఫ్ ద వార్’ వాడి, క్రియకు ‘హాడ్’ చేర్చండి. ‘ఇన్ ది ఆఫ్టర్‌మాత్ ఆఫ్ ద వార్’ అన్నదాన్ని కరవు, వలస, అప్పు వంటి కష్టాలకే వాడాలి. నా విద్యార్థులెవరూ దాని పక్కన సంఖ్య రాయరు, రాస్తే కొట్టివేస్తాను. గడ్డి కోసిన తర్వాత అదే నేలలో మళ్ళీ మొలిచే గడ్డికి ఆ మాట ఒకప్పుడు పేరు. అందుకే అది యుద్ధం వదిలివెళ్ళిన దాన్ని చెబుతుంది కానీ, ఎన్నేళ్ళయిందో చెప్పదు. ‘ఇన్ ద వేక్ ఆఫ్’ ఓడ వెనక నీటిలో మిగిలే చార. ఓడ కనుమరుగైన తొమ్మిదేళ్ళకు ఆ చార ఉండదు కనుక దగ్గరి సంఘటనలకే వాడాలి. ‘పోస్ట్‌వార్’ విశేషణం. ‘పోస్ట్‌వార్ జపాన్’ అనవచ్చు, ‘ఇన్ ద పోస్ట్‌వార్ ఇయర్స్’ అనవచ్చు. ‘పోస్ట్‌వార్, ప్రైసెస్ రోజ్’ అని ఈ మధ్య పత్రికలు కూడా రాస్తున్నాయి. పత్రిక రాసినంత మాత్రాన నేను మార్కు వేయను.

ఈ పదబంధాన్ని వాక్యం మొదట్లో పెట్టి కామా ఇవ్వాలి, లేదా చివర పెట్టాలి. నడుమ ఇరికించవద్దు.

చివరగా, రాసినదాన్ని వెంటనే మాటకు మాటగా తెలుగులోకి తిప్పి పైకి చదవండి. ‘ఎనిమిదేళ్ళ పట్టాభిషేకం తర్వాత’ వంటిది వినబడితే చెరిపి, దూరాన్ని ముందుకు తెచ్చి తిరిగి రాయండి. పెన్నుతో వద్దన్నది ఇందుకే.