హెచ్‌టీఎమ్ఎల్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

మా బావమరిదికి ఒక కర్రీ పాయింట్ ఉంది, దానికి రెండేళ్ల కిందట నేనే ఒక చిన్న పేజీ చేసిచ్చా, పైన ఫొటో, కింద కూరల రేట్ల టేబుల్, దాని కింద వాట్సాప్ బటన్, ఆఖర్న ఆర్డర్ ఫారం, అంతే. రేట్లు మారినప్పుడల్లా తనే ఫైల్ తెరిచి మార్చుకుంటాడు. మొన్న పొద్దున్నే ఫోను. "బావా, ఈరోజు స్పెషల్ అని టేబుల్ ఆఖర్న రాస్తే అది టేబుల్ పైకెక్కి కూర్చుంది, వాట్సాప్ బటన్ నొక్కితే పేజీ లేదంటోంది, కిందున్నదంతా లావు అక్షరాలైపోయింది, ఎవరైనా హ్యాక్ చేశారంటావా?" హ్యాకూ లేదు పాడూ లేదు, మూడు చిన్న మార్కప్ తప్పులు. అవెలా పట్టుకోవాలో తనకి ఫోన్లో చెప్పేసరికి గంట పట్టింది, అదే ఇక్కడ రాసి పెడుతున్నా, ఇంకొకళ్లకి పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది, హెచ్‌టీఎమ్ఎల్‌లో (వెబ్ పేజీ రాసే కోడ్ అదే) తప్పు రాస్తే బ్రౌజర్ మనకి చెప్పదు. జావాస్క్రిప్ట్‌లో తప్పుంటే కన్సోల్‌లో ఎర్రగా ఏదో వస్తుంది, ఇక్కడ అదీ ఉండదు. ట్యాగ్ (<b>, </b> లాగా బ్రాకెట్లలో రాసే గుర్తు) మూయకపోతే తనే ఎక్కడో ఒకచోట మూసేస్తుంది, పెట్టకూడని చోట పెడితే తనే తీసి ఇంకోచోట పెడుతుంది, మనం అడగం, అది చెప్పదు. ఏ తప్పుకి ఏం చెయ్యాలో హెచ్‌టీఎమ్ఎల్ స్టాండర్డ్‌లోనే వివరంగా రాసుంది, అందుకే క్రోమ్‌లో చెదిరిన పేజీ ఫైర్‌ఫాక్స్‌లోనూ అలాగే చెదురుతుంది. ఎక్స్‌హెచ్‌టీఎమ్ఎల్‌ని (హెచ్‌టీఎమ్ఎల్‌కే కాస్త కఠినమైన రూపం) దాని పద్ధతిలోనే పంపితే ఇలా ఉండేది కాదు, ఒక్క ట్యాగ్ తప్పినా పేజీ ఆగిపోయి ఎర్రర్ మెసేజ్ కనిపించేది. విసుగే గానీ, నన్నడిగితే నేర్చుకునేవాళ్లకి అదే మేలు.

సరే, వెతకడం మొదలుపెడదాం. చాలామంది చేసే మొదటి పొరపాటు ఏంటంటే రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ తెరిచి అక్కడ కోడ్ చూస్తారు. అక్కడ కనిపించేది మీరు రాసింది కాదు, బ్రౌజర్ తనకి తోచినట్టు రిపేర్ చేసుకున్నాక మిగిలింది. అందులో ప్రతి ట్యాగూ చక్కగా మూసే ఉంటుంది, మీరు మూయకపోయినా సరే. మీరు రాసింది ఉన్నదున్నట్టు చూడాలంటే కంట్రోల్ యు కొట్టండి, అది సర్వర్ పంపిన అసలు సోర్స్. ఇది ఫైర్‌ఫాక్స్‌లో చేస్తే ఇంకో లాభం, తప్పున్న చోట ఎర్రగా చూపిస్తుంది, మౌస్ దాని మీద పెడితే ఏంటో చెప్తుంది. క్రోమ్ వాడేవాళ్లు కూడా ఈ ఒక్క పనికోసం ఫైర్‌ఫాక్స్ పెట్టుకోవచ్చు.

అలాగని ఇన్‌స్పెక్ట్ పనికిరాదని కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి, సోర్స్‌లో ఒకచోట ఉన్నది ఇన్‌స్పెక్ట్‌లో వేరేచోట కనిపిస్తే తప్పు అక్కడే ఉంది. మా వాడి పేజీలో సరిగ్గా అదే జరిగింది. సోర్స్‌లో "ఈరోజు స్పెషల్: గుత్తొంకాయ" అన్న లైను టేబుల్ మూసే ట్యాగ్‌కి కాస్త ముందు ఉంది, ఇన్‌స్పెక్ట్‌లో చూస్తే టేబుల్ మొదలవ్వకముందే ఉంది. ఎందుకంటే వాడు ఆ లైన్‌కి టీఆర్ (టేబుల్లో వరస), టీడీ (గడి) ఏమీ పెట్టకుండా ఉత్త డివ్‌లో (మామూలు డబ్బా లాంటి ట్యాగ్) రాసి టేబుల్లో పడేశాడు. టేబుల్లో నేరుగా డివ్ ఉండకూడదు, ఉంటే బ్రౌజర్ దాన్ని బయటికి లాగి టేబుల్‌కి ముందు పెడుతుంది, ఆఖర్న రాసినా సరే పైకే పోతుంది. డివ్ తీసేసి ఒక టీఆర్, అందులో రెండు గడులు కలిసేలా కోల్‌స్పాన్ 2 పెట్టిన టీడీ రాస్తే లైను కిందికి దిగొచ్చింది.

ఇక వాలిడేటర్, అంటే కోడ్‌లో తప్పులు పట్టిచ్చే సైట్. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ వాళ్లది, ఉచితం, అడ్రస్ వాలిడేటర్ డాట్ డబ్ల్యూ3 డాట్ ఆర్గ్. అక్కడ మూడు దారులున్నాయి: పేజీ అడ్రస్ ఇవ్వొచ్చు, ఫైల్ అప్‌లోడ్ చెయ్యొచ్చు, లేదా కోడ్ నేరుగా పేస్ట్ చెయ్యొచ్చు. లాగిన్ అయితే గానీ కనిపించని పేజీలకి, ఇంకా మీ కంప్యూటర్లోనే ఉన్న పేజీలకి మొదటిది పనికిరాదు, రెండోదో మూడోదో వాడాలి. పేస్ట్ చేసేటప్పుడు మాత్రం కంట్రోల్ యు లోంచి కాపీ చెయ్యండి, ఇన్‌స్పెక్ట్ లోంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే బ్రౌజర్ రిపేర్ చేసిన కోడ్‌నే చెక్ చేయించినట్టు, సగం తప్పులు మాయమైపోతాయి, అంతా బాగుందనుకుని మోసపోతారు.

మొదటిసారి వాలిడేటర్ నడిపినప్పుడు నలభై ఎర్రర్లు వచ్చినా కంగారు పడకండి. ఒక్క కోట్ మూయకపోతే దాని తర్వాత ఉన్నదంతా వాలిడేటర్‌కి తలకిందులుగా కనిపిస్తుంది, ఒక తప్పుకి ఇరవై ఎర్రర్లు పుడతాయి. కాబట్టి లిస్టంతా చదవొద్దు, పైనున్న మొదటి ఎర్రర్ ఒక్కటే చూడండి, దాన్ని సరిచెయ్యండి, సేవ్ చేసి మళ్లీ చెక్ కొట్టండి. నలభై కాస్తా ఆరైపోవచ్చు. నేనొకసారి కింద నుంచి మొదలుపెట్టి, లేని తప్పుల్ని దిద్దుతూ బాగున్న ట్యాగుల్ని కూడా పాడుచేసుకున్నా, ఆ పని మాత్రం చెయ్యకండి.

లైన్ నంబర్ సంగతి కూడా చెప్పాలి. వాలిడేటర్ 212వ లైన్ అందంటే తప్పు 212లోనే ఉందని కాదు, 212 దగ్గరికి వచ్చేసరికి దానికి అనుమానం వచ్చిందని. తప్పు అంతకు ముందు ఎక్కడైనా ఉండొచ్చు. 'స్ట్రే ఎండ్ ట్యాగ్' అని వస్తే తెరవని దాన్ని మూశారని, లేదా మీరు తెరిచిన దాన్ని బ్రౌజర్ ముందే మూసేసిందని అర్థం. రెండోదానికి మంచి ఉదాహరణ పేరాగ్రాఫ్ ట్యాగ్ (పి), కాకపోతే దానికి వాలిడేటర్ మెసేజ్ మాటలు వేరేగా ఉంటాయి. పి లోపల డివ్ గానీ, యూఎల్ గానీ, టేబుల్ గానీ పెడితే బ్రౌజర్ ఆ డివ్ కనబడగానే పి ని అక్కడికక్కడే మూసేస్తుంది, ఆ తర్వాత మీరు రాసిన క్లోజింగ్ పి కి జోడీ ఉండదు, దానికోసం ఇంకో ఖాళీ పేరా పుట్టిస్తుంది. పేజీలో ఎక్కడినుంచో అర్థంకాని ఖాళీ జాగా వచ్చిందంటే నేను ముందు దీన్నే చూస్తా. 'అన్‌క్లోజ్డ్ ఎలిమెంట్' అని వస్తే తెరిచి వదిలేశారని, అది తేలికే.

వాలిడేటర్ దాకా వెళ్లకుండా పేజీ వాలకం చూసి కూడా చాలావరకు చెప్పేయొచ్చు. ఒకచోట మొదలై చివరిదాకా అంతా బోల్డ్ అయిపోయిందంటే స్ట్రాంగ్ ట్యాగో, బి ట్యాగో మూయలేదు. మా వాడిది అదే, మూసే ట్యాగ్‌లో ఉండాల్సిన స్లాష్ గీత (/) మర్చిపోయి మళ్లీ తెరిచే ట్యాగే రాశాడు. పేజీలో ఎక్కడ నొక్కినా ఒకే లింక్‌కి పోతుంటే లింక్‌కి వాడే <a> ట్యాగ్ మూయలేదు. ఒక లైను మధ్యలో కొంత మాయమై తర్వాత మళ్లీ మామూలుగా వస్తుంటే ఏదో యాట్రిబ్యూట్‌కి (ట్యాగ్ లోపల రాసే class, href లాంటిది) కోట్ మూయలేదు, తర్వాతి కోట్ దొరికేదాకా అన్నీ మింగేసింది. కొంతదూరం వచ్చి ఆ తర్వాత ఏమీ లేదంటే కామెంట్ మూయలేదేమో చూడండి. కామెంట్ లోపల కామెంట్ పెట్టినా ఇబ్బందే, లోపలిది మూసినప్పుడే బయటిదీ మూసుకుపోతుంది, మిగిలిన ముక్క పేజీలో బయటపడుతుంది.

పేజీ మొత్తం తెల్లగా ఉందా, కంట్రోల్ యు కొడితే మాత్రం అంతా ఉందా? అయితే హెడ్‌లోకి (ఫైల్ పైభాగం, పేజీలో కనిపించనిది) వెళ్లండి. టైటిల్ ట్యాగ్ మూయకపోతే దాని తర్వాతదంతా టైటిల్ కిందే లెక్క. ఇంకోటి స్క్రిప్ట్ ట్యాగ్‌ని బీఆర్ లాగా చివర గీత పెట్టి వదిలేయడం. హెచ్‌టీఎమ్ఎల్‌లో ఆ గీతకి విలువ లేదు, స్క్రిప్ట్‌కి విడిగా క్లోజింగ్ ట్యాగ్ ఉండాల్సిందే, లేకపోతే పేజీ అంతా స్క్రిప్టే అనుకుంటుంది. డివ్‌కీ అంతే, గీత పెట్టినంత మాత్రాన మూసినట్టు కాదు. బీఆర్, ఐఎమ్‌జీ, ఇన్‌పుట్, హెచ్ఆర్ లాంటి వాటికి అసలు మూసే పనే లేదు, వాటికి గీత పెట్టినా పెట్టకపోయినా ఒకటే, వాలిడేటర్ దాని గురించి ఏదో ఇన్ఫో అని చెప్తుంది, పట్టించుకోకండి.

ఫారం లోపల ఫారం పెట్టకండి. లోపలి ఫారం తెరిచే ట్యాగ్‌ని బ్రౌజర్ లెక్కచెయ్యదు గానీ దాని మూసే ట్యాగ్‌ని మాత్రం లెక్కచేసి బయటి ఫారాన్ని మూసేస్తుంది, ఆ తర్వాత ఉన్న సబ్మిట్ బటన్ ఏ ఫారంకీ చెందకుండా దిక్కులేనిదైపోవచ్చు. ఎంత నొక్కినా ఏమీ జరగదు, మనమేమో జావాస్క్రిప్ట్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

ఇప్పుడు వాట్సాప్ బటన్. లింక్ చూడటానికి అంతా సరిగ్గానే ఉంది, నంబరూ కరెక్టే, నొక్కితే మాత్రం కర్రీ పాయింట్ సైట్ అడ్రస్ వెనకాలే వాట్సాప్ అడ్రస్ తగిలించుకుని ఎక్కడికో పోతోంది. ఫాంట్ పెద్దది చేసి చూస్తే కోట్స్ వంకరగా ఉన్నాయి. వాడు ఆ లైన్‌ని వర్డ్‌లో టైప్ చేసి పేస్ట్ చేశాడు, వర్డ్ మామూలు కోట్స్‌ని అందంగా వంచేసింది. హెచ్‌టీఎమ్ఎల్‌కి నిలువు కోట్సే కోట్స్, వంకరవి ఉత్త అక్షరాలు, కాబట్టి అడ్రస్ ఆ వంకర కోట్‌తోనే మొదలవుతుంది, అది పూర్తి అడ్రస్ కాదనుకుని బ్రౌజర్ మన సైట్ పేరుకి అతికిస్తుంది. ఐఫోన్లో టైప్ చేసినా స్మార్ట్ పంక్చుయేషన్ ఆన్‌లో ఉంటే ఇదే గొడవ. కోడ్‌ని వర్డ్‌లో, మెసేజ్‌ల్లో టైప్ చెయ్యకండి, నోట్‌ప్యాడ్ అయినా పర్వాలేదు. ఇలా పేస్ట్ చేసిన చోట్ల ఇంకో దొంగ కూడా ఉంటుంది, మామూలు స్పేస్‌లా కనిపించే నాన్ బ్రేకింగ్ స్పేస్. డివ్‌కీ క్లాస్‌కీ మధ్య అది పడిందంటే రెండూ కలిసి ఒకే పేరున్న వింత ట్యాగ్ అయిపోతుంది. కంటికి కనపడదు కాబట్టి ఆ లైన్‌ని దిద్దే ప్రయత్నం మానేసి మొత్తం చెరిపి చేత్తో మళ్లీ టైప్ చెయ్యండి.

తెలుగు పేజీలకి మనకే ప్రత్యేకమైన తలనొప్పులు కొన్ని ఉన్నాయి. అక్షరాలన్నీ పిచ్చి గుర్తులుగా వస్తుంటే ఫైల్ యూటీఎఫ్ 8లో సేవ్ అయిందా, అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో బ్రౌజర్‌కి చెప్పే మెటా చార్‌సెట్ లైను ఉందా చూడండి. ఆ లైను ఉంటే చాలదు, ఫైల్‌లో మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. యూటీఎఫ్ 8లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు పడతాయి, ఒత్తులూ గుణింతాలూ కూడా విడివిడిగా లెక్కే, కాబట్టి పొడుగాటి తెలుగు టైటిలూ, డిస్క్రిప్షనూ పైన రాసి చార్‌సెట్‌ని వాటికింద పెడితే గీత దాటిపోవడం పెద్ద కష్టం కాదు. హెడ్ తెరవగానే మొదటి లైను అదే పెట్టేయండి. అది సరిగ్గా ఉన్నా ఒక పేరా మాత్రమే పిచ్చిగా ఉందంటే ఆ పేరా అను ఫాంట్స్ లాంటి పాత డీటీపీ ఫైల్ లోంచి వచ్చుంటుంది, అది యూనికోడ్ కాదు, చార్‌సెట్ ఎంత మార్చినా బాగుపడదు, కన్వర్టర్‌తో మార్చాలి లేదా మళ్లీ టైప్ చెయ్యాలి. హెచ్‌టీఎమ్ఎల్ ట్యాగ్‌లో లాంగ్ యాట్రిబ్యూట్‌కి టీఈ అని పెట్టడం కూడా మర్చిపోవద్దు, స్క్రీన్ రీడర్లకి అది కావాలి.

ఇంకొకటి, దీనికి నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నా. సెక్షన్ ఐడీ తెలుగులో "స్పెషల్" అని పెట్టి మెనూ లోంచి దానికి లింక్ ఇచ్చా, నొక్కితే కదలదు. రెండు చోట్లా అదే మాట, అక్షరం తేడా లేదు. తీరా చూస్తే ఒకచోట పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది, తెలుగు కీబోర్డులు కొన్ని దాన్ని వాటంతటవే పెట్టేస్తాయి. మనిషికి ఒకటే మాట, బ్రౌజర్‌కి రెండు. అప్పట్నుంచి ఐడీలూ క్లాసులూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెడుతున్నా, భాషాభిమానం పేజీలో చూపించుకుంటే చాలు.

వాలిడేటర్ మాట అర్థం కాక, వాలకం చూసినా తెలియక ఇరుక్కుంటే సగానికి కోసే పద్ధతి ఉంది. ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. తర్వాత బాడీలో కింది సగం తీసేసి చూడండి, గొడవ ఇంకా ఉంటే తప్పు పై సగంలో, పోతే కింది సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చెయ్యండి. వెయ్యి లైన్ల ఫైలైనా పదిసార్లలో ఒక్క లైన్ దగ్గరికి వచ్చేస్తారు. కోసేటప్పుడు డివ్ మధ్యలో కొయ్యకుండా మొత్తం బ్లాక్‌గా తియ్యండి, లేకపోతే ఉన్న తప్పుకి ఇంకోటి తోడవుతుంది. ప్రతిసారీ కంట్రోల్ షిఫ్ట్ ఆర్ కొట్టి రీఫ్రెష్ చెయ్యండి, లేదంటే క్యాష్ లోంచి పాత పేజీనే చూస్తూ బుర్ర పాడుచేసుకుంటారు.

డూప్లికేట్ ఐడీ, ఫొటోకి ఆల్ట్ లేకపోవడం లాంటివి కూడా వాలిడేటర్ చెప్తుంది, అవి పేజీని చెదరగొట్టవు గానీ సరిచెయ్యండి. ఒకే ఐడీ రెండుసార్లు ఉంటే జావాస్క్రిప్ట్‌కి మొదటిదే దొరుకుతుంది, లేబుల్ నొక్కితే వేరే బాక్స్‌లోకి పోతుంది.

మా వాడి పేజీకి ఇవన్నీ అయ్యాక వాలిడేటర్ ఎర్రర్లేవీ లేవని పచ్చగా చూపించింది, అయినా ఫోన్లో ఆర్డర్ ఫారం మాత్రం ఇరుకుగా ఒక పక్కకి నక్కి ఉంది. చూస్తే క్లోజింగ్ డివ్‌ల లెక్క సరిపోయింది, చోటే తప్పు, టేబుల్ బాక్స్ మూయాల్సిన డివ్ ఫారం తర్వాత ఉంది. ఇలాంటిది వాలిడేటర్‌కి దొరకదు, దాని లెక్కలో అది తప్పే కాదు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో షిఫ్ట్ ఆల్ట్ ఎఫ్ కొట్టి ఫార్మాట్ చేస్తే ఫారం మొత్తం ఒక మెట్టు లోపలికి జరిగి కనిపించింది, అప్పుడు తెలిసింది. డివ్‌ని పైకి జరిపి, దాని పక్కనే 'టేబుల్ బాక్స్ ఇక్కడితో అయిపోయింది, దీని కింద ముట్టుకోకు' అని తెలుగులో కామెంట్ రాసి పంపించా.