పాత సీ10 ట్రక్కులో గేర్‌బాక్స్ మార్చాక డ్రైవ్‌షాఫ్ట్ బిగించడం ఎలా?

1967 నుంచి 72 దాకా వచ్చిన షెవర్లే సీ10 ట్రక్కుల్లో పాత మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ టీహెచ్350 తీసేసి ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ తక్కువ చుట్లు తిరిగేలా చేసే పై గేరు) ఉన్న 700ఆర్4 ఎక్కించడం అమెరికాలో చాలామంది చేసే పనే. గేర్‌బాక్స్ ఎక్కించేదాకా అందరూ శ్రద్ధగానే చేస్తారు, క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్‌ని మోసే అడ్డ కడ్డీ) వెనక్కి జరుపుతారు, టీవీ కేబుల్ (థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే తీగ) సెట్ చేస్తారు, తీరా డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఆక్సిల్‌ని తిప్పే పొడవాటి గొట్టం) దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని తొందరా అప్పుడే వస్తుంది. తర్వాత హైవే మీద సీటు కింద వణుకు మొదలైతే గేర్‌బాక్స్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు. ఇక్కడ చెప్పేది షార్ట్ బెడ్ (వెనక సామాను తొట్టి పొట్టిగా ఉన్న) బండికి, అంటే 115 అంగుళాల వీల్‌బేస్, ఒకే ముక్క షాఫ్ట్ ఉన్నదానికి. లాంగ్ బెడ్‌లో మధ్యలో బేరింగ్‌తో రెండు ముక్కలుంటాయి, దాని లెక్క వేరు.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. స్టాండ్లు, టేపు, మార్కర్, డిజిటల్ యాంగిల్ గేజ్, రెండు కొత్త యూ జాయింట్లు (షాఫ్ట్ రెండు చివర్లా వంగుతూ తిరగనిచ్చే కీళ్లు), పినియన్ (షాఫ్ట్ తగులుకునే, వెనక ఆక్సిల్ ముందు భాగం) దగ్గరికి కొత్త స్ట్రాపులు, బోల్టులు, గేర్‌బాక్స్ వెనక సీలు (ఆయిల్ కారకుండా ఆపే రింగు). జాయింట్లు గ్రీజ్ నిపుల్ లేని సీల్డ్‌వే తీసుకోండి, రోడ్డు మీద తిరిగే బండికి ఇంకోటి వద్దు. స్లిప్ యోక్ (గేర్‌బాక్స్‌లోకి దూరి ముందుకీ వెనక్కీ జరిగే షాఫ్ట్ ముందు కొస) కొత్తది కొనక్కర్లేదు, టీహెచ్350కీ 700ఆర్4కీ వెనకవైపు 27 స్ప్లైన్లే (పళ్లలాంటి గాళ్లు) కాబట్టి పాతదే పడుతుంది, సీలు ఆనే చోట గోరుతో గీరి చూడండి, గాడి తగిలితే మాత్రం మార్చేయండి.

ముందు కోణాలు, తర్వాతే పొడవు. గేర్‌బాక్స్ తోక వైపు 3 డిగ్రీలు కిందికి ఉంటే పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి చూడాలి, అంటే రెండూ సమాంతరంగా ఉండాలి, ఒక డిగ్రీకి మించి తేడా రాకూడదు. షాఫ్ట్‌కీ వాటికీ మధ్య ఒక్కో జాయింట్ దగ్గర వంపు అర డిగ్రీ నుంచి 3 డిగ్రీల లోపు ఉంటే చాలు. సున్నా అయితే ఇంకా మంచిది అనుకుంటారు, కాదు, జాయింట్ లోపలి సూది బేరింగులు కదలకుండా ఒకేచోట రాసుకుని గుంటలు పడతాయి. ముందు వైపు గేర్‌బాక్స్ మౌంట్ కింద షిమ్‌లతో (పల్చటి బిళ్లలు), వెనక ఆక్సిల్‌కీ ట్రెయిలింగ్ ఆర్మ్‌కీ (ఆక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే పొడవాటి చేయి) మధ్య వెడ్జ్‌లతో (ఏటవాలు ముక్కలు) సరిచేసుకోవచ్చు.

ఇక పొడవు. పని చెడేది ఇక్కడే, కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి.

టీహెచ్350 దాదాపు 27.7 అంగుళాలు, 700ఆర్4 30.75 అంగుళాలు, తేడా 3 అంగుళాలు, కాబట్టి షాఫ్ట్ 3 అంగుళాలు కోయించేస్తే సరిపోతుంది అని అందరూ చెప్పేస్తుంటారు. కానీ ఆ 27.7 అనేది 6 అంగుళాల టెయిల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ వెనక తోక భాగం) ఉన్న టీహెచ్350కి మాత్రమే. అదే గేర్‌బాక్స్ 9 అంగుళాల టెయిల్‌తోనూ వచ్చింది, అప్పుడు దాని పొడవు ఇంచుమించు 700ఆర్4 అంతే. యాభై ఏళ్ల బండిలో ఇంతకుముందు ఎవరెవరు ఏం మార్చారో, ఇంజిన్ మౌంట్లు ఎక్కడున్నాయో, వెనక ఆక్సిల్ అసలుదేనో కాదో తెలియకుండా కాగితం మీద తీసివేతలు చేసి షాఫ్ట్ కోయించడం డబ్బు దండగ. కొలవాల్సింది మీ బండినే.

ఆ కొలత బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే తీసుకోవాలి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, ఆక్సిల్‌ని గాల్లో వేలాడదీసి కొలిస్తే వచ్చేది తప్పుడు కొలత, ఎందుకంటే ట్రెయిలింగ్ ఆర్మ్‌ల మీద ఆక్సిల్ కిందికి దిగేటప్పుడు నిటారుగా దిగదు, వంపుగా తిరుగుతూ దిగుతుంది. స్టాండ్లు పెట్టాల్సింది వెనక ఆక్సిల్ గొట్టాల కింద, ముందు చక్రాలు ర్యాంపుల మీద. బెడ్ బిగించి ఉండాలి, ట్యాంకులో పెట్రోలుండాలి, రేపు రోడ్డు మీద తిప్పబోయే టైర్లే ఉండాలి. బెడ్ విప్పేసి ఉంటే కింద పని సులువుగా ఉంటుంది కదా అని అప్పుడే కొలిచేస్తారు, బెడ్ ఎక్కించగానే స్ప్రింగులు కూర్చుని లెక్కంతా మారిపోతుంది. సస్పెన్షన్ మార్చి బండి ఎత్తు తగ్గించే ఆలోచన ఉంటే అది ముందే చేసేయండి.

ఇప్పుడు ఒట్టి స్లిప్ యోక్‌ని గేర్‌బాక్స్‌లోకి ఆగేంతవరకూ తోయండి. సీలు అంచు దగ్గర మార్కర్‌తో గీత గీసి, అక్కణ్నుంచి సరిగ్గా 1 అంగుళం బయటికి లాగి, కదలకుండా టేపు చుట్టండి. యోక్‌లో జాయింట్ కప్పు కూర్చునే రంధ్రం మధ్య నుంచి పినియన్ యోక్‌లో కప్పు కూర్చునే గాడి మధ్యదాకా కొలవండి. టేపు జారకుండా రెండో చివర ఇంకో మనిషి పట్టుకోవాలి. చివరలు మార్చుకుని మళ్లీ కొలవండి, రెండు కొలతలూ కలిస్తేనే కాగితం మీద రాయండి. ఆ ఒక్క అంగుళం ఎందుకంటే గుంతలో పడి ఆక్సిల్ కదిలినప్పుడు యోక్ లోపలికి జరగడానికి చోటుండాలి, లేకపోతే అది గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది, వేల డాలర్ల గేర్‌బాక్స్ పోతుంది. మరీ ఎక్కువ బయటికుంటే స్ప్లైన్లకి పట్టు చాలక యోక్ ఊగి, బుష్ అరిగి, సీలు కారుతుంది.

షాపుకెళ్లి 3 అంగుళాలు తగ్గించండి అని మాత్రం అనొద్దు, సెంటర్ టు సెంటర్ ఇంత కావాలి అని కాగితం ఇవ్వండి, బ్యాలెన్స్ చేసి ఇమ్మనండి. ఇంట్లో రంపంతో కోసి వెల్డింగ్ పెట్టేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. షాఫ్ట్ ఇంటికి రాగానే నేల మీద పెట్టి రెండు చివరల యోక్‌లూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి, తేడా కనిపిస్తే వెనక్కి పంపండి.

బిగించడం పది నిమిషాల పని. కొత్త సీలు కొట్టి, స్ప్లైన్లకి పల్చగా గ్రీజు రాసి, యోక్ బయటివైపు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పూసి లోపలికి తోయండి. పినియన్ స్ట్రాప్ బోల్టులకి దాదాపు 15 ఫుట్ పౌండ్ల బిగింపు (టార్క్) చాలు. బలం ఉంది కదా అని ఇంపాక్ట్ గన్ పెడితే కప్పులు నొక్కుకుపోయి జాయింట్ బిగుసుకుంటుంది.

ఓవర్‌డ్రైవ్ పెడితే షాఫ్ట్ వేగంగా తిరుగుతుంది, అందుకే వణుకు అని కొందరంటారు. అది తప్పు. షాఫ్ట్ ఎంత తిరగాలో తేల్చేవి బండి వేగం, వెనక ఆక్సిల్ రేషియో (చక్రం ఒక్క చుట్టుకి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో), టైరు సైజు. 28 అంగుళాల టైరుతో 70 మైళ్ల దగ్గర 3.07 ఆక్సిల్ ఉంటే షాఫ్ట్ నిమిషానికి సుమారు 2580 చుట్లు తిరుగుతుంది, అదే 3.73 అయితే 3130 దాటుతుంది. ఓవర్‌డ్రైవ్ ఉంది కదా అని ఆక్సిల్ కూడా మారుస్తారు కాబట్టి పాత షాఫ్ట్‌లో ఉన్న చిన్న లోపం అప్పుడు బయటపడుతుంది.

టెస్ట్‌కి వెళ్లినప్పుడు స్పీడుతో పాటు పెరిగే వణుకు వస్తే న్యూట్రల్‌లో వేసి చూడండి, అప్పుడూ అలాగే ఉంటే ముందు షాఫ్ట్ బ్యాలెన్స్, టైర్లు చూడాలి. బండి కదిలేటప్పుడు, యాక్సిలరేటర్ తొక్కగానే వస్తే కోణాలు మళ్లీ కొలవాలి.