కాలవ కట్ట మీదికి చైన్ మిషన్ ఎక్కించడం ఎలా?

నెల్లూరు డెల్టా చదును నేలే. కానీ ఎడగారు (రెండో పంట) కోతల్లో బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు వైపు టైర్లకు బదులు చైన్ల మీద నడిచే వరి కోత మిషన్ కాలవ కట్టలు ఎక్కి దిగాలి, ఊరు మారితే లారీ ఎక్కాలి. రోజంతా మళ్లలో తిరిగేదానికంటే ఆ పది అడుగుల ఏటవాలు దగ్గరే నాకు భయం.

ఈ మిషన్లలో చాలావాటిది హైడ్రోస్టాటిక్ డ్రైవ్. ఇంజన్ పంపును తిప్పితే, పంపు నెట్టిన ఆయిలు మోటారును తిప్పుతుంది, దాంతో చైన్లు కదులుతాయి. ముందుకైనా వెనక్కైనా ఒకటే లివరు. ట్రాక్టరుకు అలవాటుపడ్డ చెయ్యి పొరబడేది ఇక్కడే. ఎత్తులో ఇంజన్ మూలిగితే లివరు ఇంకా ముందుకు తోస్తారు. తోసేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. మూలిగిందంటే లివరు కొంచెం వెనక్కి తియ్యండి. వేగం తగ్గి, పట్టు వస్తుంది.

ముందు ధాన్యం ట్యాంకు ఖాళీ చెయ్యండి, ధాన్యం పోసే పైపు మడవండి, పైన కరెంటు తీగలు చూడండి. కట్ట కిందనే లో గేరు (తక్కువ వేగం గేరు) వేసుకోవాలి, ఏటవాలు మధ్యలో మార్చకూడదు. ఇంజన్ రేజ్ నిలకడగా ఉంచి, కట్టకు నేరుగా ఎక్కండి. అడ్డంగా పోవద్దు, మధ్యలో తిప్పొద్దు. కట్ట నెత్తికి వచ్చేసరికి ముక్కు గాల్లోకి లేచి ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనపడదు. అప్పుడు లివరు చీమ నడక మీద ఉంచితే బరువు మెల్లగా ముందుకు వాలుతుంది. తొందరపడితే ముక్కు నేలకు కొడుతుంది.

దిగేటప్పుడూ లో గేరే. లివరు కొద్దిగా తెరిస్తే ఆయిలే బండిని ఆపుతూ దించుతుంది. గేరు న్యూట్రల్ చేశారా, ఆ పట్టు పోయి బ్రేకు ఒక్కటే మిగులుతుంది.

లారీకైతే, మిషన్ ఎక్కడానికి వాలుగా వేసే పలకల పొడవు లారీ బాడీ ఎత్తుకు నాలుగింతలు కావాలి. నాలుగడుగుల ఎత్తుకు 16 అడుగులన్నమాట. పలకల కొక్కేలు గట్టిగా పడ్డాయా, చైన్లు నడిమధ్యన ఉన్నాయా అని కిందినుంచి ఒక మనిషి చూడాలి, అదీ పక్కన నిలబడి, వెనక కాదు. వంకర పోతే పలక మీద సరిచెయ్యొద్దు, నేరుగా కిందికి దించి మళ్ళీ ఎక్కించండి.

ఒకసారి కట్ట వాలులో లివరు న్యూట్రల్లో పెట్టి, బ్రేకు వెయ్యకుండా మిషన్ మీంచి కిందికి దిగాను. మధ్యాహ్నం ఎండకు ఆయిలు కాగి పలచబడి ఉంది. పంపులో, మోటారులో సందుల్లోంచి అది కారేకొద్దీ మిషన్ అంగుళం అంగుళం వెనక్కి జరిగింది. నా హెల్పరు అప్పుడు చైను వెనకాలే గడ్డి పీకుతున్నాడు. అరిచాను, పక్కకు దూకాడు. అప్పట్నుంచి బ్రేకు వేసి, చైన్ల కింద చెక్క దిమ్మలు పెట్టకుండా ఎవర్నీ మిషన్ దగ్గరికి రానివ్వను.