ఆయిల్ బిల్లులు లేని టర్బో బండికి అడ్వాన్స్ ఇవ్వకండి

శివరాత్రికి రెండు వారాల ముందు మా మేనల్లుడు టర్బో (ఇంజిన్లోకి గాలిని ఒత్తి తోసే భాగం) ఉన్న పెట్రోల్ బండి కొన్నాడు. చిన్న ఎస్‌యూవీ, ఐదేళ్లది, మీటరు మీద 31,000 కిలోమీటర్లు. ఒకే ఓనరు, బంపరు మీద గీత కూడా లేదు. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు పెట్టుకుని కూర్చున్న ఈ మామయ్యని ఒక్క మాట అడగలేదు. అడిగితే వంకలు పెడతానని భయమట.

పోయిన ఆదివారం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరాడు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే ముందు ఈల వేసినట్టు కూత వచ్చింది. తర్వాత పికప్ పోయింది. అద్దంలో చూస్తే వెనకంతా నీలం పొగ. నల్లమలలో ఫోన్ సిగ్నల్ సంగతి తెలిసిందే. మా అక్క, ఇద్దరు పిల్లలు మూడు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నారు.

బండి చివరికి నా షెడ్డుకే వచ్చింది. టర్బో విప్పి చూస్తే ఇరుసు వేలితో కదిపితే ఊగుతోంది. దానికి నూనె తీసుకెళ్లే సన్న గొట్టంలో తారులాంటి మడ్డి. పాత ఓనరు ఇచ్చిన ఫైలు వెతికితే రెండు బిల్లులు దొరికాయి. ఒకటి సీటు కవర్లది, ఇంకోటి టైర్లది. ఇంజిన్ ఆయిల్ మార్చినట్టు ఒక్క కాగితం లేదు. మొత్తం 92,000 అయ్యింది, అదీ మేనల్లుడని లేబరు సగమే వేస్తే.

ఉగాదికి సెకండ్ హ్యాండ్ బండి ఇంటికి తెచ్చుకుందామని చూస్తున్నవాళ్లు ఉంటారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, చలాన్లు, యాక్సిడెంట్ మరమ్మతుల గురించి అందరూ చెబుతారు, వాటిని వదిలేస్తున్నా. ఇరవై ఏళ్లుగా నా కళ్లముందు జనాన్ని ముంచుతున్న తప్పు ఒక్కటే: ఆయిల్ మార్చిన బిల్లులు చూడకుండా టర్బో బండికి అడ్వాన్స్ ఇవ్వడం.

టర్బోకి నూనెతో అంత పనేమిటి

సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగ టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్లోకి తోస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, చిన్న టర్బోల్లో రెండు లక్షల దాకా కూడా. లోహానికి లోహం తగలకుండా కాపాడేది పల్చటి నూనె పొర. పెట్రోల్ బండిలో పక్కనే పోయే పొగ వేడి 900 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. పాతబడిన నూనె ఆ వేడికి మాడి గడ్డకడుతుంది, గొట్టం మూసుకుపోతుంది, ఇరుసు ఎండిపోతుంది.

టర్బో లేని ఇంజిన్ ఇదే నిర్లక్ష్యాన్ని కొంతకాలం ఓర్చుకుంటుంది. నూనె తాగుతుంది, టాపెట్లు (వాల్వులు తెరిచే భాగాలు) చప్పుడు చేస్తాయి, ఇంజిన్ విప్పి బోరు చేయించే దాకా వచ్చేలోపు మనకి చాలా కబుర్లు పంపుతుంది. టర్బోకి అంత ఓపిక లేదు.

అలాగని టర్బో చెడ్డదని నేననను. హ్యుందాయ్ వెన్యూనే చూడండి. 2019లో వచ్చినప్పుడు రెండు పెట్రోల్ ఇంజిన్లు ఇచ్చారు. టర్బో లేని 1.2 లీటర్ల ఇంజిన్‌కి 83 పీఎస్ పవర్, టార్క్ (లాగే బలం) దాదాపు 114 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే దగ్గర. 1.0 లీటర్ టర్బోకి 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు, 1,500 నుంచే. ఐదుగురు కూర్చుని ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కితే ఆ తేడా కాలికి తెలుస్తుంది. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లు, బిల్లులన్నీ వరుసగా ఉంటే, టర్బోనే తీసుకోండి. ఊళ్లోనే రోజుకి పది కిలోమీటర్లు తిరిగేవాళ్లకి టర్బో లేనిదే మేలు. బిల్లులు లేకపోతే ఎక్కడ తిరిగేవాళ్లయినా టర్బో వద్దు.

"డాక్టరు గారి బండి సార్, అసలు తిరగలేదు"

బ్రోకర్లు ఈ మాట అనగానే మనవాళ్లు కరిగిపోతారు. చాలా బళ్లకి ఆయిల్ మార్చాల్సింది 10,000 కిలోమీటర్లకి లేదా ఏడాదికి, ఏది ముందొస్తే దానికి. ఏడాదికి ఐదారు వేలు తిరిగిన బండి ఓనరు కిలోమీటర్లే లెక్కేసుకుని రెండేళ్లకోసారి మారుస్తాడు. పైగా ఇంటి నుంచి క్లినిక్‌కి రెండు కిలోమీటర్లు, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆపేస్తారు. కాలని పెట్రోలు, తేమ నూనెలో కలిసి అలాగే ఉండిపోతాయి. ఏటా బిల్లు ఉన్న 90,000 కిలోమీటర్ల టర్బోని నేను కళ్లు మూసుకుని కొంటాను. బిల్లు లేని 25,000ది ముట్టుకోను.

డీజిల్ కొంటూ "మాకు టర్బో గిర్బో వద్దండి" అనేవాళ్లు నెలకి ఇద్దరైనా వస్తారు. పాత ఇండికాలో టర్బో లేని డీజిల్ ఉండేది. ఇప్పుడు అమ్మకానికొచ్చే కామన్ రైల్ (డీజిల్‌ని ఎక్కువ ఒత్తిడితో ఇంజిన్లోకి చిమ్మే పద్ధతి) డీజిల్ కార్లన్నిటికీ టర్బో ఉంది, ఒకప్పటి స్విఫ్ట్ డీజిల్‌తో సహా. కాబట్టి డీజిల్‌కీ ఇదే నియమం. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లకి ఆంక్షలు పెట్టాక అక్కడివి ఇక్కడికి చవగ్గా వచ్చాయి. ధర చూసి ఎగబడకండి, ముందు బిల్లులు అడగండి.

బిల్లు ఎలా చూడాలి

బిల్లు ఉందంటే సరిపోదు. తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు, ఫిల్టరు, నాలుగూ కనిపించాలి. ఒక బిల్లుకీ ఇంకోదానికీ మధ్య పద్నాలుగు నెలలు దాటితే ఎందుకో అడగండి. బిల్లులు పోయాయంటే ఓనరునే వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి, బండి నంబరు కొడితే అక్కడ చేయించిన పనులు కనిపిస్తాయి. ఓనరు రానంటే జవాబు దొరికినట్టే.

ఆయిల్ స్టిక్ తీసి తేనె రంగు నూనె చూసి మురిసిపోకండి. అమ్మే ముందు రోజు ఎవరైనా మారుస్తారు. కొందరు చప్పుడు అణగడానికి చిక్కటి నూనె పోస్తారు. స్టిక్ మీద రంగు నిన్నటి సంగతి చెబుతుంది, ఐదేళ్ల సంగతి బిల్లే చెప్పాలి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

- బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే రేపొస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్‌లో మీకు వినిపించకూడని చప్పుడేదో ఉందని అమ్మేవాళ్లు ముందే వేడెక్కించేశారు.
- ఐదు నిమిషాలు ఐడిల్లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కించండి. మీరు వెనక నిలబడండి. నీలం పొగ గుప్పుమంటే నూనె కాలుతోందన్నమాట, బేరం ఆపేయండి.
- ట్రయల్‌లో మూడో గేరులో నెమ్మదిగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. పాట పెట్టొద్దు, మాట్లాడొద్దు. సన్నటి ఈల మామూలే. సైరన్‌లా పెరిగితే కాదు.
- ఇంటర్‌కూలర్ (టర్బో ఒత్తిన గాలిని చల్లార్చేది) గొట్టం విప్పించండి. లోపల జిడ్డు పర్వాలేదు. నూనె కారితే వద్దు.
- ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టించండి. లోపాలేమీ లేవని వస్తే సంతోషించకండి, నిన్నే చెరిపేశారేమో కూడా చూడమనండి.
- రీమ్యాప్ చేసిన (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చిన) బండి వద్దు. "కొంచెమే చేయించాం" అన్నా వద్దు.
- ఆటోమేటిక్ డీసీటీ (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్) అయితే ట్రాఫిక్‌లో అరగంట నడపండి. వణికితే దిగిపోండి.
- "టర్బో కొత్తది వేయించాం" అంటే ఆయిల్ గొట్టం కూడా మార్చారా అని అడగండి. పాత గొట్టానికే కొత్త టర్బో బిగిస్తే నెలల్లో అదీ పోతుంది. కళ్లారా చూశాను.
- డీజిల్ బండి తాళం తీసినా ఆగకుండా అరుస్తోందంటే టర్బోలోంచి కారిన నూనె తాగి నడుస్తోంది. గేరు బండైతే బ్రేకు బలంగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలేయండి. కుదరకపోతే అందర్నీ దింపి దూరంగా తీసుకెళ్లండి. బానెట్ తెరవకండి.
- కొన్న రోజే ఆయిల్, ఫిల్టరు మార్చండి. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి.
- ఘాట్ ఎక్కి ఆపగానే తాళం తిప్పకండి. ఒక నిమిషం ఐడిల్లో ఉంచండి.
- బిల్లులు తర్వాత వాట్సాప్‌లో పెడతామంటే అడ్వాన్స్ కూడా తర్వాతే.
- ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఇవాళే ఫోన్ చేసి బిల్లులు అడగండి. రేపు సాయంత్రానికి రాకపోతే అడ్వాన్స్ పోయినా సరే, మిగతా డబ్బు కట్టకండి.