ఫిజియోథెరపీ మీకు సరిపోతుందా? ఎలా తెలుసుకోవాలి?

మన ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు "ఎంబీబీఎస్ సీటు రాలేదు, పోనీ ఫిజియోలో చేర్పిద్దాం" అనే మాట తరచూ వినబడుతుంది. పోనీలే అని చేరే చదువు కాదిది. చేరకముందే పని ఎలా ఉంటుందో చూడాలి.

1. ఒక పూట దగ్గరుండి చూడండి

దగ్గర్లోని ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టును అడిగి, రోగులు ఒప్పుకుంటేనే పక్కన కూర్చోండి. మోకాలి ఆపరేషన్ అయిన పెద్దావిడ వస్తుంది. కాలు ఎంత వంగుతోందో గోనియోమీటర్ పెట్టి కొలుస్తారు. సుమారు 90 డిగ్రీలు వంగితే గానీ కుర్చీలోంచి లేవడం సులువు కాదు. ఆవిడ నొప్పితో "చాలు బాబూ" అంటుంది. అక్కడ ఆపాలా, ఇంకొంచెం వంచమనాలా? అప్పటికప్పుడు తేల్చుకోవాలి. అసలు పని అదే. జనం "కరెంటు పెట్టడం" అనే మెషిన్లు అందులో చిన్న భాగం.

2. మీ భాషలకు పదును పెట్టండి

పక్షవాతం వచ్చిన మనిషికి ఏ కాలి మీద బరువు వేయాలో అర్థమయ్యేలా చెప్పాలి. తెలుగు, ఒడియా రెండూ వచ్చినవాళ్లకు ఇది పెద్ద బలం. గజపతి జిల్లాలో సవర, రాయగడలో కువి నాలుగు మాటలు నేర్చుకుంటే ఇంకా మంచిది. చెప్పింది అర్థమైతేనే ఇంటికెళ్లాక వ్యాయామం సరిగ్గా చేస్తారు.

3. దారులు వెతకండి

ప్లస్‌టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. డిగ్రీ పేరు బీపీటీ (బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ): నాలుగేళ్ల చదువు, ఆపై ఇంటర్న్‌షిప్. మొదట్లో అనాటమీ, అంటే శరీర నిర్మాణం గురించిన చదువు, గట్టిగానే ఉంటుంది. కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఎస్‌వీనిర్తార్ ఉంది, ముందు దాన్ని చూడండి. 2021లో వచ్చిన కేంద్ర చట్టం తర్వాత ఈ కోర్సుల నియమాలు మారుతున్నాయి. కాబట్టి నీట్ కావాలా, వేరే ఎంట్రన్సా అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

ఆంధ్రాలో చదవాలనుంటే స్థానికత సంగతి మొదటే కనుక్కోండి. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన అక్కడ లోకల్ అయిపోరు. ఫీజు కట్టాక టెన్షన్ పడి లాభం లేదు.

4. ఉద్యోగాల గురించి అడగండి

ఆసుపత్రులు, ఇళ్లకు వెళ్లి చేసే వైద్యం, క్రీడా జట్లతో పాటు పిల్లల ఎదుగుదల లోపాలను చూసే జిల్లా కేంద్రాలైన డీఈఐసీల్లోనూ ఫిజియోలు ఉంటారు. చిన్న క్లినిక్కుల్లో మొదటి జీతం ఎంతో, కొత్తగా చేరినవాళ్లనే అడగండి. బీపీటీ తర్వాత చేసే పీజీ, ఎంపీటీ, ఇంకో రెండేళ్లు. కొన్నాళ్లు రోగులతో పనిచేసి, ఎముకలా, నరాలా, ఏది మనసుకు పట్టిందో చూసుకుని చేరమంటాను.