లేత ద్రాక్ష మొక్కలను వేరుపురుగు నుంచి ఎలా కాపాడుకోవాలి?

పలమనేరు, కుప్పం వైపు వేరుశనగ పండిన ఎర్రనేలలో ద్రాక్ష నాటుతున్నారా? అక్కడ వేరుపురుగు ముందే ఉండొచ్చు. ముదురు తీగ తట్టుకునే దెబ్బకు, మొదటి ఏడాది మొక్క చచ్చిపోతుంది.

మొక్క వాడగానే చాలామంది డ్రిప్ పెంచేస్తారు. ముందు తవ్వి చూడండి. మొదలు పక్కన జానెడు లోతు మట్టి తీసి గోనెపట్ట మీద పరవండి. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు తల, సున్నాలా ముడుచుకున్న పురుగు కనిపిస్తే అదే. సన్నవేర్లు కొరికేసి ఉంటాయి, లాగితే మొక్క ఊడి వచ్చేస్తుంది. కాండం మీద మట్టిపూత ఉంటే చెదలు. వేర్లకు బుడిపెలుంటే నులిపురుగులు, వాటి వైద్యం వేరు.

మట్టిలో దాక్కున్న పురుగును చంపడం కష్టం. తల్లిపురుగును పట్టడమే తేలిక. మే, జూన్‌లలో మొదటి గట్టివాన పడ్డాక, పొద్దుగూకగానే గోధుమరంగు పెంకుపురుగులు నేలలోంచి లేచి వేప, తుమ్మ, రేగు చెట్ల మీద వాలతాయి. రాత్రంతా ఆకు తిని, తెల్లారేలోపు మట్టిలోకి దిగుతాయి. గుడ్లు పెట్టేదీ మట్టిలోనే. అందుకే చెట్టు కింద పట్ట పరిచి కొమ్మలు దులపండి, రాలినవాటిని కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయండి. వరసగా నాలుగైదు రాత్రులు చేయాలి. పక్క పొలాలవాళ్లనూ కలుపుకోండి. వాళ్ల వేపచెట్టు వదిలేస్తే అక్కడి పురుగు మీ తోటకే వస్తుంది. ఏడాదికి ఒకే తరం కాబట్టి ఈ శ్రమ ఊరికే పోదు.

వేసవిలో లోతుదుక్కి చేస్తే పురుగులు బయటపడి కొంగలు, కాకులు ఏరుకు తింటాయి. మాగని పేడ అసలు వేయొద్దు, అందులో పురుగు బాగా పెరుగుతుంది. గుంతలో వేపపిండి కలపండి. ఎకరాకు 2 కిలోల మెటారైజియం (పురుగును చంపే బూజు) పొడిని 100 కిలోల మాగిన ఎరువులో కలిపి, తడి ఉన్నప్పుడు మొదళ్ల దగ్గర వేయండి. అది బూజే కాబట్టి బోర్డో లాంటి తెగుళ్ల మందు అదే సమయంలో మొదట్లో పోయకండి.

ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు. 2020 డిసెంబర్ 31 నుంచి వాటిపై నిషేధం ఉంది. మందు తప్పదంటే తవ్విన పురుగును సీసాలో వేసుకుని రైతు సేవా కేంద్రంలో చూపించండి, ద్రాక్షకు అనుమతి ఉన్నదే అడగండి. చచ్చిన మొక్క చోట కొత్తది పెట్టేముందు గుంత మట్టంతా తిరగేసి పురుగులు ఏరేయండి.