మన పాత మారుతి 800 మనమే బాగుచేసుకుందాం – 3వ పాఠం: తాళం తిప్పితే టక్‌మంటుంది, అంతే

పోయిన పాఠంలో మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి గ్యాప్ కొలిచాం, మొనల రంగు చూశాం. వాటిలో మసిపట్టినది ఏదైనా ఉంటే పారేయకండి, కాగితంలో చుట్టి టూల్‌బాక్స్‌లో ఉంచండి. దాంతో ముందు ముందు పని ఉంది. ఈసారి ప్లగ్గుల దాకా వెళ్లం. ఇంజన్ తిరగనే తిరగకపోతే ప్లగ్గు ఎంత బాగుండి ఏం లాభం?

ఈ పాఠాలు కార్బొరేటర్ ఉన్న మారుతి 800 కోసం రాస్తున్నవి. అంటే 1986లో వచ్చిన రెండో ఆకారం, 796 సీసీ, మూడు సిలిండర్ల బండి. అయితే ఈ ఒక్క పాఠం మాత్రం పద్మినికి, అంబాసిడర్‌కి కూడా పనికొస్తుంది. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారు దాకా కరెంటు వెళ్లే దారి అన్నిట్లోనూ ఒకే తీరు.

ముందు చెవులతో పని. తెల్లవారి చల్లగా ఉన్న బండికి సెల్ఫ్ కొట్టినప్పుడు ఏం వినిపించింది? ఇంజన్ చురుగ్గా తిరుగుతూ అందుకోకపోతే గొడవ స్పార్కులోనో పెట్రోలులోనో ఉంది, అది వచ్చే పాఠాల సంగతి. ముక్కుతూ మూలుగుతూ తిరిగినా, ఒక్క టక్ అని ఊరుకున్నా, టకటకటక అని కొట్టుకున్నా ఈ పాఠం మీదే. ఏమీ వినిపించకపోయినా మీదే.

ఇక్కడ నూటికి తొంభై మంది చేసే పని కొత్త బ్యాటరీ కొనడం. నేనూ కొన్నాను. నాలుగు రోజులు బాగానే నడిచింది, అయిదో రోజు కూరగాయల మార్కెట్ ముందు మళ్లీ టక్. ఈసారి సెల్ఫ్ మోటారు పోయిందన్నారు. విప్పించి బుష్‌లు, బ్రష్‌లు మార్పించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే టక్. చివరికి దొరికిన దొంగ ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ మైనస్‌ని బండి బాడీకి, ఇంజన్‌కి కలిపే వైరు. దాన్ని బిగించిన చోట బోల్టు కింద తుప్పు. గరుకు కాగితంతో రుద్దితే పోయింది. ఆ రుద్దే పని ముందే చేసి ఉంటే బ్యాటరీ డబ్బులైనా మిగిలేవి.

మరి ఆ నాలుగు రోజులు ఎందుకు నడిచింది? పల్లెలో పెరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బు గుడ్డిదైపోతుంది చూడండి, అదే ఇది. మోటారు ఆగి ఉన్నప్పుడు వైరులో వోల్టేజీ నిండుగానే కనిపిస్తుంది. కరెంటు గట్టిగా లాగినప్పుడే దారిలో ఎక్కడ బిగుసుకుందో బయటపడుతుంది. కొత్త బ్యాటరీ బలంగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు ఆ తుప్పుని దాటుకుని నెట్టుకొచ్చింది. చిన్న లెక్క: సెల్ఫ్ మోటారు 100 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. దారిలో 0.01 ఓమ్ అడ్డు ఉన్నా 1 వోల్టు అక్కడే ఖర్చయిపోతుంది. 0.01 ఓమ్‌ని మన మామూలు మల్టీమీటరు చూపించలేదు. అందుకే వైరు విప్పి, రెండు కొసలకీ మీటరు పెట్టి, బీప్ వచ్చింది కాబట్టి వైరు మంచిదే అనుకోవడం శుద్ధ తప్పు. సెల్ఫ్ కొడుతూ ఉండగా కొలవాలి.

ఇప్పుడు పని మొదలెడదాం. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు పైకి. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసేయండి, ప్లస్ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే వేలు కాలిపోతుంది. మధ్యలో ఇంజన్ అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ (స్పార్కుకి కావాల్సిన ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది) నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి (దాన్ని ప్లగ్గులకి పంచేది) వెళ్లే లావు వైరు పీకి, దాని లోహపు కొసని ఇంజన్ లోహానికి గట్టిగా తగిలేలా క్లిప్పు వైరుతో కట్టండి. గాలిలో వేలాడదీయకండి. తాళం తిప్పడానికి ఇంట్లో ఒకరిని పిలవండి. తిప్పేది అయిదు సెకన్లే, తర్వాత కాస్త ఆగాలి.

మీటరుని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. 12కి వచ్చిందంటే ముందు చార్జింగ్ పెట్టించండి, మిగతా పరీక్షలు ఆ తర్వాతే. ఇక సెల్ఫ్ కొట్టించి చూడండి. 9.6 కంటే కిందకి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. టక్‌మని ఊరుకున్నా వోల్టేజీ 12 చుట్టుపక్కలే నిలిచి ఉంటే బ్యాటరీ తప్పు కాదు, కరెంటు దారిలోనే ఆగిపోతోంది. ఒక జాగ్రత్త. మీటరు సూదుల్ని వైరుని బ్యాటరీకి పట్టి ఉంచే క్లాంపుల మీద కాదు, బ్యాటరీ సీసపు గుబ్బల మీదే ఆనించండి. గుబ్బకీ క్లాంపుకీ మధ్య ఉన్న తుప్పు కూడా మనం పట్టుకోవాల్సిన దొంగే.

తర్వాత ఎర్త్. నల్ల సూది మైనస్ గుబ్బ మీద, ఎర్ర సూది రంగులేని ఇంజన్ లోహం మీద. సెల్ఫ్ కొడుతుండగా 0.2 దాకా వస్తే పర్వాలేదు. 0.5 దాటితే ఎర్త్ వైరో, దాని రెండు కొసల్లో ఒకటో పాడైంది. ఎర్ర సూదిని క్లాంపు మీదికి, వైరు కొస మీదికి, బాడీ బోల్టు మీదికి జరుపుతూ వెళ్లండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరిందో దానికి ముందు ముక్కలోనే జబ్బుంది.

ప్లస్ వైపూ ఇంతే. ఒక సూది ప్లస్ గుబ్బ మీద, రెండోది సెల్ఫ్ మోటారు సోలినాయిడ్‌కి (తాళం తిప్పగానే మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి) లావు వైరు వచ్చి చేరే బోల్టు మీద. ఇక్కడ 0.5 వరకు సహించవచ్చు.

రెండు దారులూ బాగుండి ఇంకా టక్‌మంటుంటే సోలినాయిడ్‌కి వచ్చే సన్న వైరు చూడండి. తాళం తిప్పినప్పుడు దానికీ ఎర్త్‌కీ మధ్య 10 వోల్టులైనా రావాలి. రాకపోతే తాళం స్విచ్చిలో పాయింట్లు అరిగాయి, లేదా మధ్యలో సాకెట్టు వదులైంది. పాత బండ్లలో ఇది బాగా మామూలు. సన్న వైరుకి కూడా నిండుగా వస్తోందంటే అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పండి, అంతకుముందు వద్దు.

శుభ్రం చేసేటప్పుడు మైనస్ ముందు విప్పాలి, చివర బిగించాలి. తెల్లగా పచ్చగా పేరుకున్నదాని మీద వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తే నురగకట్టి కరిగిపోతుంది. అవి బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూడండి. ఆరాక గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజిలిన్ రాయండి. ఎర్త్ బోల్టు కింద బాడీ రంగు ఉంటే గీకేయాలి, రంగు మీద కరెంటు పారదు.

వైరే పోయిందంటే పాతదాన్ని చేతపట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కో, మీ ఊళ్లో ఆటో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుకో వెళ్లండి. పొడవు, లావు సరిచూసుకుని రాగి తీగ ఉన్నదే అడగండి. కొసలు సుత్తితో కొట్టినవి వద్దు, క్రింపింగ్ మిషన్‌తో నొక్కినవి కావాలి.

ఇంకో మాట. గ్లవ్‌బాక్సులో ఉండే యజమాని పుస్తకం వేరు, వర్క్‌షాప్ మాన్యువల్ వేరు. వైరింగ్ బొమ్మ నిండుగా ఉండేది రెండో దాంట్లో. పాత పుస్తకాల కొట్లలో, మూతపడ్డ షెడ్డుల్లో అప్పుడప్పుడు దొరుకుతుంది, నలిగిందైనా కొనేయండి. అందులో వైరు పక్కన రెండు రంగుల గుర్తులుంటే మొదటిది వైరు రంగు, రెండోది దాని మీద గీత రంగు.

ఇంటిపని: మీ బండి ఇప్పుడు బాగానే స్టార్ట్ అవుతున్నా సరే, ఈ ఆదివారం అంకెలన్నీ కొలిచి, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. ఆర్నెల్ల తర్వాత టక్‌మన్న రోజున పోల్చి చూసుకోవచ్చు. పీకిన కాయిల్ వైరు మళ్లీ పెట్టడం మరిచిపోకండి. నేను మరిచిపోయి గంటసేపు కార్బొరేటర్‌ని తిట్టుకున్నాను.

వచ్చే పాఠం: ఇంజన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. స్పార్కు ఉందో లేదో చూసుకుందాం, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లకి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకులు) పెడదాం. దాచమన్న పాత ప్లగ్గు అప్పుడు బయటికి తీయండి.